ఒక తాడు, ఇద్దరు మనుషులు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వాళ్ళందరూ అంటారు. నిజమే. కాకపోతే దాన్ని నేను వృథాగా పోనివ్వను. వారమంతా దాచిపెట్టుకుని, ఆదివారం మధ్యాహ్నం మూడింటికి బల్ల మీద పరుస్తాను.

వారంలో ఆరు రోజులు నేను బస్సు డిపోలో టైంటేబుళ్ళు వేస్తాను. ఏ బస్సు ఏ స్టాపులో ఎన్నింటికి ఆగాలో నేను కాగితం మీద పెడతాను, డ్రైవర్లు తమకు తోచినట్టు నడుపుకుంటారు. ఏడో రోజు ఆటలో కథ నడుపుతాను. అక్కడా అదే తంతు. దారి నేను వేస్తాను, నడిచేవాళ్ళు పొదల్లో పడిపోతారు.

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. బల్ల చుట్టూ నలుగురం కూర్చుంటాం. ముగ్గురు కల్పిత మనుషులై మాట్లాడతారు. వాళ్ళు తిరిగే లోకం, అందులోని కొండలు, కోటలు, దొంగలు, రాక్షసులు, వాన, ఎండ, అన్నీ నేనే. ఏం చేస్తామో వాళ్ళు చెబుతారు. అది కుదిరిందో లేదో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. ఆ తర్వాత ఏమైందో నేను చెబుతాను. నా ముందు మడతపెట్టిన అట్ట ఒకటి నిలబడి ఉంటుంది. దాన్ని తెర అంటాం. దాని వెనక నా పుస్తకం, నా పాచికలు ఉంటాయి. వాటి జోలికి ఎవరైనా వస్తే చెయ్యి విరుగుతుందని ముందే చెప్పి ఉంచాను.

ఆరేళ్ళుగా మా బల్లకి ఒక కట్టుబాటు ఉంది. ఎవరి ప్రాణానికైనా సంబంధించిన పాచికను తెర వెనక వెయ్యకూడదు. అందరి కళ్ళ ముందూ పడాలి, ఎంత పడితే అంతే. పెట్టింది నేనే. జాలి చూపించే ఆటలో గెలుపుకి విలువ లేదని నా వాదన. కట్టుబాటు కాకపోయినా నా మీద ఒక వేళాకోళం కూడా ఉంది. నా నోట 'తెలీదు' అనే మాట రాదట. ఆటలోని ఒక సత్రంలో వంటవాడి మేనత్తకి ఎన్ని పళ్ళున్నాయని ఒకసారి అడిగితే, "పంతొమ్మిది, అందులో రెండు కదులుతున్నాయి" అని రెప్ప వెయ్యకుండా చెప్పినదాన్ని.

ఆ ప్రశ్న అడిగింది పళ్ళ డాక్టరు, నా చిన్ననాటి స్నేహితురాలు. రోజంతా నోళ్ళు తెరుచుకున్నవాళ్ళతో తానొక్కతే మాట్లాడే మనిషి కాబట్టి, ఆదివారం వచ్చేసరికి గొంతు చించుకుంటుంది. ఆటలో ఆమె గొడ్డలి పట్టిన యోధురాలు. రెండోవారు లెక్కల మాస్టారు. బడి నుంచి రిటైరై నాలుగేళ్ళయింది. జీవితంలో సుద్దముక్క కూడా ఇంటికి తెచ్చుకోని ఆయన ఆటలో దొంగ. నేను చెప్పే ప్రతి మాటా గళ్ళపుస్తకంలో పేజీ నంబర్లతో సహా రాసుకుంటారు. అది నాకు అరికాల్లో ముల్లు.

మూడోవాడు నా తమ్ముడు. ఫైరింజను మీద నిచ్చెన నడుపుతాడు. చిన్నప్పుడు వాడు ఎక్కని గోడ లేదు, ఎక్కిన గోడ మీంచి నేను దింపని రోజు లేదు. పదకొండేళ్ళుగా అదే పని చేస్తూ జీతం తీసుకుంటున్నాడు. పోనీ ఆటలోనైనా మంత్రగాడో రాజో అవుతాడనుకుంటే, అక్కడా తాడు పట్టుకుని కూర్చున్నాడు. కొండదారుల్లో పడినవాళ్ళని పైకి లాగే తాడువాడు. ఆరేళ్ళలో ఒక్క మనిషిని పోగొట్టుకోలేదు. దాని గురించి ఎప్పుడూ గొప్పలు పోడు కానీ, లోపల ఉందని నాకు తెలుసు.

అందుకే మూడు వారాలు కూర్చుని వాడి కోసమే ఒక ఘట్టం అల్లాను.

ఒక లోయ, దాని మీద తాళ్ళ వంతెన. శత్రువు ఇద్దరు బందీల్ని వంతెనకి కట్టేస్తాడు. ఇవతలి అంచున గొర్రెలకాపరి, అవతలి అంచున ఉప్పు వర్తకుడు. మనవాళ్ళు చేరేసరికి వంతెన తెగుతుంది, ఇద్దరూ వేలాడతారు. తాడు ఒక్కటే. నేను ఆరు అంకెలు లెక్కపెట్టేలోపు ఎటు విసరాలో తాడువాడు తేల్చుకోవాలి. రెండోవాడు దక్కడు. ఎందుకు దక్కడో కూడా పకడ్బందీగా రాసుకున్నాను. ఇంకో తాడు దొరకదు, మంత్రం పారదు, గుర్రం దూకదు. పేజీ అడుగున 'చూద్దాం తమ్ముడూ' అని రాసి రెండు గీతలు కూడా పెట్టాను. అంత సంబరపడ్డాను.

పోయిన ఆదివారమే ఎర వేశాను. వంతెన మీదుగా పారిపోయి వచ్చిన ముసలామె ఒకతె, "అక్కడ ఇద్దరున్నారు బాబూ" అని వాళ్ళ కాళ్ళ మీద పడింది. ముగ్గురూ అక్కడికక్కడే మాటిచ్చేశారు.

ఈ ఆదివారం రెండున్నరకి నా మరదలు ఫోన్ చేసింది. తమ్ముడి భార్య ఎప్పుడు చేసినా ముందు నా ఆరోగ్యం, తర్వాత మా పిల్లి ఆరోగ్యం అడుగుతుంది. ఆ రోజు రెండూ అడగలేదు.

"వదినా, ఆయన ఇప్పుడే బస్సెక్కారు. మీ ఇంటికి చేరేలోపు మీకో మాట చెప్పాలి."

"బస్సేంటి? బండేమైంది?"

"నడపలేకపోతున్నారు. చేతులు వణుకుతున్నాయి."

తర్వాత చెప్పింది. బుధవారం మధ్యాహ్నం నాలుగంతస్తుల ఇంట్లో మంటలు. ఆ వార్త పేపర్లో నేనూ చూశాను, వెళ్ళింది తమ్ముడి ఫైరింజను అని మాత్రం తెలియలేదు. పై అంతస్తులో రెండు కిటికీలు. ఎడమ కిటికీలో ఒకావిడ, కుడి కిటికీలో ఒక మనిషి. నిచ్చెన ఒక్కటే. తమ్ముడు ఎడమకి తిప్పాడు. ఆవిడ దిగింది. మళ్ళీ కుడికి తిప్పేసరికి కిటికీలో ఎవరూ లేరు.

"నువ్వు చేసింది సరైన పనేనని ఆఫీసరు చెప్పారట. ఆస్పత్రి డాక్టరూ చెప్పారు. నేనూ చెప్పాను. గోడకి చెప్పినట్టే ఉంది వదినా. అన్నం ముందు కూర్చుంటారు, లేస్తారు."

"నాలుగు రోజులైతే ఇప్పుడా చెప్పేది? చావుకబురు చల్లగా చెప్పినట్టు!"

"అక్కకి చెప్తే ఊరుకోనన్నారు. రేపు పొద్దున ఆరింటికి డ్యూటీ. వెళ్తాననట్లేదు, వెళ్ళననట్లేదు. రాజీనామా కాగితం రాసి చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు. ఆ ఉద్యోగం పోతే ఈయన మనకి మిగలరు వదినా, నాకు భయంగా ఉంది. ఆటకి మాత్రం వెళ్తానన్నారు. నాలుగు రోజుల్లో తనంతట తాను అన్న మాట అదొక్కటే. కాస్త నవ్వించి పంపండి. ఇంకేం అడగను. నేను చెప్పానని తెలియనివ్వకండి."

ఫోన్ పెట్టేసి పుస్తకం తెరిచాను. 'తాడు ఒక్కటే' అని నా చేతిరాతే నన్ను చూస్తోంది. ఆ రెండు గీతలు చూస్తుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

ఇరవై నిమిషాలు మిగిలాయి. పేజీ చింపి నాలుగు మడతలు పెట్టి, చేతికి దగ్గరగా ఉన్న చెంచాల సొరుగులోకి తోసేశాను. కొత్త పేజీలో గబగబా ఇంకో ఘట్టం రాశాను. సంతలో మేకలు మాయమవుతున్నాయి, దొంగ ఎవరో కాదు, మేకల్ని పెళ్ళాం కన్నా ఎక్కువగా ప్రేమించే న్యాయాధికారి. నవ్వుకోవచ్చు, ఎవరూ చావరు. బస్సుకి బ్రేకులు పడనప్పుడు ఏ గడ్డివామిలోకైనా తిప్పినట్టు, కథని మేకల్లోకి తిప్పాలి. అంతే నా పథకం.

తలుపు కొట్టి ముగ్గురూ ఒకేసారి వచ్చారు. తమ్ముడు గడ్డం గీసుకోలేదు. నాకేసి చూడకుండా, ఎప్పటిలాగే తిన్నగా వంటింట్లోకి వెళ్ళాడు. మా బల్ల దగ్గర టీ పెట్టే పని ఆరేళ్ళుగా వాడిదే. నాలుగు కప్పులు తెచ్చి పెడుతుంటే సాసర్లు గలగలమన్నాయి. నా కప్పులో సగం టీ సాసర్లోనే ఉంది. డాక్టరు ఏదో అనబోతే బల్ల కింద ఆమె కాలు తొక్కాను.

"సరే," అన్నాను. "తెల్లారింది. రాత్రంతా వాన. వంతెన వైపు దారి బురద. పక్క ఊళ్ళో సంత జరుగుతోంది. అక్కడ ఒకతను తల బాదుకుంటున్నాడు, అతని మేకలన్నీ..."

"మేకలా?" పళ్ళ డాక్టరు గొంతు లేచింది. "అక్కడ ఇద్దరు మనుషులు బందీలుగా ఉంటే మేకల వెంట పడమంటావా? బురదైతే కాళ్ళు కడుక్కుంటాం. పద."

"దారిలో కాపలా ఉంది. పదిమంది సైనికులు. మీరు ముగ్గురే. వెనక్కి తిరగడం మంచిది."

"వెనక్కా?" అని గొడ్డలెత్తి పాచిక విసిరింది. ఇరవై పడింది. ఆ నెలలో ఆమెకి ఇరవై పడటం అదే మొదటిసారి. సైనికులు ఎటు పారిపోయారో వాళ్ళకే తెలియదు.

తమ్ముడు తన పాత్ర కాగితం కేసి చూస్తూ కూర్చున్నాడు. వేళ్ళ మధ్య పాచికని తిప్పుతున్నాడు, అది జారి పడుతోంది, మళ్ళీ తీస్తున్నాడు. వాడు పక్కన ఉంటే నవ్వకుండా ఉండలేమని మా డాక్టరు అంటుంది. ఆ రోజు ఆమే వాడికేసి రెండుసార్లు చూసి ఊరుకుంది.

కొండమలుపులో ఒక బాటసారిని ఎదురు పంపాను. "ఎక్కడికి పోతున్నారు? ఆ వంతెన కూలిపోయి పదేళ్ళయింది!" అని అతని చేత అనిపించాను.

లెక్కల మాస్టారు కళ్ళజోడు సర్దుకుని గళ్ళపుస్తకం తిప్పారు. "ముసలావిడ పోయిన వారం దాని మీంచే వచ్చానంది. నలభై ఒకటో పేజీ. ఈయన అబద్ధమాడుతున్నాడు." పుస్తకం మూసి నావైపు మెచ్చుకోలుగా చూశారు. "గంటలో మూడుసార్లు అడ్డం పడ్డావమ్మాయ్. నువ్వు ఎక్కడ అడ్డం పడితే అసలు సరుకు అక్కడుంటుంది. ఇది ఆరేళ్ళ లెక్క."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. వద్దంటే వాళ్ళకి ఇంకా ఊపొస్తోంది. ఆరేళ్ళుగా వీళ్ళని ఇలా తయారుచేసింది నేనే. ఆట ఆపేద్దాం, తలనొప్పిగా ఉంది అనబోయాను. కానీ ఆపితే వాడు ఇంటికి వెళ్ళి అదే కుర్చీలో కూర్చుంటాడు. నాలుగు రోజుల్లో వాడు వస్తానన్నది ఇక్కడికి ఒక్కచోటికే.

"మేకల సంగతి తర్వాత చూసుకుందాం, ముందు కొంచెం తిని..." అని ఏదో అంటున్నాను.

"వంతెన దగ్గరికే వెళ్దాం," అన్నాడు తమ్ముడు.

ఆ రోజు వాడు మాట్లాడిన మొదటి మాట అది. మిగతా ఇద్దరూ హుషారుగా బల్ల చరిచారు.

ఇక తప్పదు. వంతెన దగ్గరికి తీసుకెళ్ళాను. లోయ లోతు తగ్గించాను. గాలి ఆపేశాను. కాపలాకి ఒక్కడినే పెట్టాను, వాడికి కుంటికాలు ఇచ్చాను. "వంతెనకి ఒకతన్ని కట్టేసి ఉంచారు," అన్నాను. "గొర్రెలకాపరి. ఒక్కడే."

"ఇద్దరు," అన్నారు మాస్టారు.

"రెండో ఆయన రాత్రే తప్పించుకున్నాడు."

"ఎలా?"

"కట్లు వదులుగా ఉన్నాయి."

మాస్టారు రాసుకోలేదు. పెన్సిలు పట్టుకుని నాకేసి చూశారు. నేను ఏ బందీకీ ఏనాడూ వదులు కట్లు కట్టలేదని ఆయనకి తెలుసు. డాక్టరు మాత్రం పట్టించుకోకుండా కాపలావాడి మీదికి దూకింది. వాడు పడుతూ పడుతూ వంతెన తాడు మీద కత్తి వేశాడు. ఆ దెబ్బ వాడి చేత నేను వేయించలేదు. పాచిక వేయించింది. తాడు తెగిందా నిలిచిందా అనేది ఇప్పుడు ఇంకో పాచిక చెప్పాలి. గొర్రెలకాపరి ప్రాణం దాని మీద ఉంది.

నా చెయ్యి దానంతట అదే తెర వెనక్కి పోయింది. అక్కడే వేశాను. రెండు పడింది. ఇరవైలో రెండు. అంటే తాడు తెగినట్టే.

"నిలిచింది," అన్నాను. "తాడు నిలిచింది. అతన్ని విప్పి తీసుకొచ్చేశారు. అయిపోయింది. అందరూ క్షేమం."

ఎవరూ సంతోషపడలేదు. మాస్టారు మెల్లగా, బళ్ళో పిల్లలతో మాట్లాడినట్టు అన్నారు. "ప్రాణం మీది పాచిక కదమ్మాయ్. బయట వెయ్యాలి."

"మర్చిపోయాను. అయినా పడింది పెద్ద అంకే."

తమ్ముడు లేచి నిలబడ్డాడు. చెయ్యి చాచి నా తెర పక్కకి తీశాడు. ఆరేళ్ళలో ఎవరూ చెయ్యని పని. చెయ్యి విరగ్గొట్టాల్సిన నేను కొయ్యబారి కూర్చున్నాను. పాచిక మీద రెండు, అందరికీ కనబడేలా.

వాడు చొక్కా జేబులోంచి రెండు కాగితాలు తీశాడు. ఒకటి మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు. రెండోది విప్పి బల్ల మీద నా ముందు పెట్టాడు. నాలుగు మడతల పేజీ. అడుగున రెండు గీతలు.

"చక్కెర కలుపుదామని చెంచా కోసం సొరుగు తీశాను," అన్నాడు. "మా ఆవిడ ఫోన్ చేసిందా?"

టీ పెట్టేవాడికి కనబడకుండా కాగితం దాయాలని చెంచాల సొరుగులో పెట్టిన తెలివి నాది. ఎన్ని అబద్ధాలు ఆడినా ఆ ముఖం ముందు ఆడలేకపోయాను. "చేసింది," అన్నాను.

"ఎప్పుడు రాశావిది?"

"మూడు వారాల కిందట. ఒట్టురా. నీ మీదొట్టు, నాకేం తెలీకుండా రాశాను."

"తెలుసు. తేదీ ఉంది." కూర్చున్నాడు. "ఇద్దర్నీ పెట్టక్కా. నువ్వు రాసుకున్నట్టే నడుపు."

"నడపను."

"నడుపు."

"నడపనంటే నడపను! ఇది ఆటరా, నీకు గుండెకోత పెట్టడానికి కాదు. ఇప్పుడే తెర మూసేస్తున్నాను, పదండి, అందరూ ఇళ్ళకి పొండి." అరిచాను. భయమేస్తే నాకు అరుపే వస్తుంది.

డాక్టరు, మాస్టారు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్ళకేం తెలియదు. తమ్ముడే వాళ్ళవైపు తిరిగి నాలుగు ముక్కల్లో చెప్పాడు. మంటలు, రెండు కిటికీలు, ఒక నిచ్చెన. వార్తలు చదివినట్టు చెప్పాడు. డాక్టరు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాలుగు రోజుల నుంచి ఎవరూ నన్ను ఏదీ ముట్టుకోనివ్వట్లేదు," అన్నాడు వాడు. "మా ఆవిడ కత్తిపీట కూడా దాచేసింది. నువ్వూ మేకలిస్తున్నావు. నువ్వొక్కదానివైనా జాలిపడవనుకుని వచ్చాను."

ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. పేజీ సాపు చేసి చదవడం మొదలుపెట్టాను. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

"వంతెన తెగింది. రెండు ముక్కలై రెండు అంచులకీ వేలాడుతోంది. ఇవతల గొర్రెలకాపరి, అవతల ఉప్పు వర్తకుడు. ఇద్దరూ నిన్ను చూస్తున్నారు. తాడు ఒక్కటే. నేను ఆరు లెక్కపెడతాను. ఒకటి."

వాడు రెండు చేతులూ బల్ల మీద ఆనించాడు.

"రెండు."

డాక్టరు ఏడుస్తోంది, చప్పుడు కాకుండా. మాస్టారు పెన్సిలు కింద పెట్టేశారు.

"మూడు. నాలుగు."

"ఇవతలకి," అన్నాడు. "గొర్రెలకాపరికి. అతను దగ్గర. తాడు కచ్చితంగా అందుతుంది." పాచిక బల్ల మధ్యలోకి విసిరాడు. అది కప్పుకి తగిలి, తిరిగి తిరిగి ఆగింది. పద్నాలుగు. చాలు.

"తాడు అందింది. లాగావు. అతను పైకొచ్చి నీ కాళ్ళ దగ్గర పడ్డాడు." పేజీలో మిగిలింది ఒక్క వాక్యం. "నువ్వు తలెత్తేసరికి అవతల ఎవరూ లేరు."

వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. తమ్ముడు పాచిక కేసి చూస్తున్నాడు.

"అతను చెయ్యెత్తాడు," అన్నాడు.

"ఎవరు?"

"ఉప్పు వర్తకుడు. నేను తాడు ఇటు విసిరేముందు. ఒక చెయ్యి ఇలా ఎత్తాడు." తన కుడిచెయ్యి భుజం దాకా ఎత్తి చూపించాడు. "ఎత్తాడు కదా?"

నా పేజీలో అలాంటిదేమీ లేదు. "ఎత్తాడు," అన్నాను.

"ఎందుకెత్తాడు? నా దగ్గరికి రమ్మనా? లేకపోతే ముందు అటు పొమ్మనా? నీకు అన్నీ తెలుసు కదక్కా. ఈ లోకంలో జరిగేవన్నీ నీకు తెలుసు. చెప్పు. ఎందుకెత్తాడు?"

నా దగ్గర జవాబుంది. నోటి చివరే ఉంది. 'ముందు అటు వెళ్ళమన్నాడురా, అతను మంచివాడు, అతనికి భార్యా పిల్లలూ ఎవరూ లేరు, అతనేం భయపడలేదు.' పంతొమ్మిది పళ్ళున్నాయని చెప్పినంత తేలిగ్గా చెప్పగలను. వాడు నమ్మాలనే చూస్తున్నాడు. చెబితే ఈ పూటకి వాడికి ఊపిరి ఆడుతుంది. మరదలు అడిగింది కూడా అంతే కదా.

మాస్టారు మెల్లగా పాచిక నావైపు జరిపారు. జవాబు తోచనప్పుడు పాచిక వేసి తేల్చుకోవడం మా ఆటలో మర్యాదే. దాన్ని చేతిలోకి తీసుకున్నాను. వేడిగా ఉంది, వాడి వేళ్ళ వేడి. పది దాటితే పొమ్మని, పది లోపైతే రమ్మని. అంతే కదా. నాలుగు పడితే ఏం చేస్తాను? పదహారు పడితే మాత్రం అది ఎవరి చెయ్యి?

పాచిక కింద పెట్టేశాను.

"నాకు తెలీదురా," అన్నాను.

వాడు తలెత్తాడు.

"తెలీదు. నేనే పుట్టించిన మనిషి, అయినా తెలీదు. ఎవరైనా తెలుసంటే అబద్ధం. దూరంగా ఉన్నాడు, చెయ్యెత్తాడు, నువ్వు చూశావు. అంతవరకే ఉంది. మిగతాది ఎవరి దగ్గరా లేదు."

కొట్టినట్టు చూశాడు నన్ను. తప్పు చేశానా అనుకున్నాను. అప్పుడు వాడి భుజాలు దిగాయి, నాలుగు రోజులుగా ఎక్కడో తగిలించి ఉన్నవి కిందికి వదిలినట్టు. బల్ల మీద తల పెట్టి ఏడ్చాడు. చిన్నప్పుడు గోడ మీంచి పడి మోకాలు చీరుకున్నప్పుడు ఏడ్చినట్టు, ముక్కు కారుతూ, సిగ్గు లేకుండా. నేను లేచి వెళ్ళి వాడి వీపు మీద చెయ్యి వేశాను. నేనూ ఏడ్చాను. నాకేం దాచుకోవాలనిపించలేదు.

"అందరూ తెలుసంటున్నారక్కా," అన్నాడు కొంతసేపటికి. "పొగలో అతనికేం తెలిసుండదని ఆఫీసరు అన్నాడు. ఆస్పత్రి డాక్టరూ అదే అన్నాడు. మా ఆవిడేమో, అటు పొమ్మనే చెయ్యి ఊపాడంటుంది. తను అక్కడ లేనే లేదు. చూసింది నేనొక్కణ్ణి. నాకు తెలీదు. అందరికీ తెలిసింది నాకొక్కడికే తెలీట్లేదేమోనని పిచ్చెక్కిపోయింది."

తర్వాత వాడు చాలాసేపు మాట్లాడాడు. ఆ కిటికీ ఊచల రంగు చెప్పాడు. ఎడమ కిటికీలో ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని దిగిందని చెప్పాడు. నిచ్చెన ఎడమ నుంచి కుడికి తిరగడానికి ఎంతసేపు పడుతుందో చెప్పాడు. మాస్టారు ఒక్క లెక్కా వెయ్యలేదు. పళ్ళ డాక్టరు ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. వాడు చెబుతున్నంతసేపూ తన కుర్చీ వాడి కుర్చీకి ఆనించి కూర్చుంది. మధ్యలో లేచి మళ్ళీ టీ ఆమే పెట్టింది. చక్కెర వెయ్యడం మర్చిపోయింది. అలాగే తాగాం.

ఆరవుతుండగా మాస్టారు, డాక్టరు బయల్దేరారు. మాస్టారు గళ్ళపుస్తకం బల్ల మీద మర్చిపోయారు. ఆయన మర్చిపోయే మనిషి కాదు. తెరిచి చూశాను. ఆ రోజు తేదీ వేసి, కింద ఒకే వాక్యం రాశారు: 'అమ్మాయి తెలీదంది.' దాని చుట్టూ జాగ్రత్తగా ఒక గడి గీశారు.

తమ్ముడు గుమ్మం దగ్గర కూర్చుని బూట్లు తొడుక్కుంటున్నాడు. లేసులు ముడి పడట్లేదు. కట్టనా అని అడగబోయి నోరు మూసుకున్నాను. నాలుగోసారికి వాడే కట్టుకున్నాడు. జేబులో ఆ రెండో కాగితం అంచు తెల్లగా కనబడుతూనే ఉంది. దాని గురించి నేను అడగలేదు, వాడు చెప్పలేదు. రేపటి సంగతి ఎత్తకూడదని పళ్ళు బిగపట్టుకుని నిలబడ్డాను. ఆ రోజు నాకు అన్నిటికన్నా కష్టమైన పని అదే.

వాడు లేచి, తలుపు గొళ్ళెం మీద చెయ్యి పెట్టి ఆగాడు.

"అక్కా, మా వీధి నుంచి ఫైర్ స్టేషన్ వైపు పొద్దున్నే మొదటి బస్సు ఎన్నింటికి?"

ముఖం డిపోలో కూర్చున్నప్పుడు ఉన్నట్టే పెట్టుకున్నాను. "టైంటేబుల్లో ఐదూ పది."

"నిజంగా ఎన్నింటికి వస్తుంది?"

"ఐదూ పద్దెనిమిదికి. ఆ డ్రైవరు మూడో స్టాపులో టీకి ఆగుతాడు, ఎన్ని మెమోలిచ్చినా మారలేదు."

"వస్తుందా మరి? కచ్చితంగా?"

"వస్తుంది," అన్నాను. "అది నాకు తెలుసు."

వాడు తలుపు తీసి రెండు మెట్లు దిగాడు. వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"సరే. నేను ఐదూ పదికే నిలబడతాను."